2025 వార్షిక నివేదిక: పండగలు, పిక్నిక్, ఆ ఉత్తరం గొడవ

సభ్యులందరికీ నమస్కారమండి. ఉగాది, పిక్నిక్, బతుకమ్మ, దీపావళి ఎప్పట్లాగే బాగా జరిగాయి, ఫోటోలు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి, లెక్కలు ట్రెజరర్ గారు విడిగా పంపిస్తారు. ఈ ఏడాది మన టైం ఎక్కువ తినేసింది మాత్రం హోంలాండ్ సెక్యూరిటీ (అమెరికాలో బోర్డర్, ఇమ్మిగ్రేషన్ చూసే డిపార్ట్‌మెంట్) ఖర్చు తగ్గించమని మన కాంగ్రెస్‌మన్‌కి రాసిన ఉత్తరం.

జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన బిల్లులో ఒక్క డిటెన్షన్‌కే, అంటే వలసవచ్చినవాళ్ళని పట్టుకుని నిర్బంధించడానికే, 4,500 కోట్ల డాలర్లు, బోర్డర్ గోడకి ఇంకో 4,650 కోట్లు, అదే బిల్లులో పేదలకిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌కి కోత. మన పక్కనే న్యూజెర్సీ న్యూవార్క్‌లో డెలానీ హాల్‌ని వెయ్యి బెడ్ల డిటెన్షన్ సెంటర్ చేస్తే జనం గేటు ముందు ధర్నాలు చేశారు, మే 9న మేయర్ రాస్ బరాకానే అరెస్ట్ చేసి తర్వాత కేసు ఎత్తేశారు.

మీటింగులో కొందరు పెద్దలు "మనకెందుకండీ ఈ గోల, మనం లీగల్‌గానే వచ్చాం కదా" అన్నారు. అప్పుడు ఓ అమ్మాయి ఫార్మింగ్టన్ గుర్తు చేసింది. వీసా మోసాలు పట్టుకోవడానికని మిషిగన్‌లో ఆ పేరుతో దొంగ యూనివర్సిటీ పెట్టింది ఈ డిపార్ట్‌మెంటే, క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు, ఫీజులు మాత్రం కట్టించుకున్నారు, 2019 జనవరిలో బయటపడేసరికి ఇరుక్కున్నవాళ్ళలో మన తెలుగు పిల్లలు బోలెడుమంది. క్లాసులుండవని తెలిసే వీసా కోసం చేరారని ప్రభుత్వం అంటుంది, కొందరి విషయంలో నిజమే కావచ్చు, కానీ ఎర వెయ్యడానికి మన టాక్స్ డబ్బులా? పైగా మన గ్రీన్‌కార్డ్ ఫైళ్ళు చూసే యూఎస్‌సీఐఎస్ దాదాపుగా మనం కట్టే ఫీజులతోనే నడుస్తుంది, ఈ వేల కోట్లతో మన క్యూ అంగుళం కదలదు.

అసలు గొడవ గుడి కెమెరాల దగ్గరొచ్చింది. అదే డిపార్ట్‌మెంట్ కింద ఉన్న, విపత్తుల సాయం చూసే ఫీమా గుళ్ళకీ చర్చిలకీ మసీదులకీ సెక్యూరిటీ గ్రాంట్ ఇస్తుంది, ఒక్కో చోటికి 2 లక్షల డాలర్ల దాకా, మన గుడి కమిటీ అప్లై చేద్దామనుకుంటోంది. "ఓ చేత్తో వద్దని రాస్తూ ఇంకో చెయ్యి చాపుతామా" అని ఒకాయన నిలదీశారు. నా మటుకు నాకు ఇందులో తిరకాసేం కనబడలేదు, హుండీ దొంగని పట్టే కెమెరా వేరు, వెయ్యి బెడ్ల జైలు వేరు. అయినా ఆయన మాట మీద ఉత్తరంలో "సెక్యూరిటీ ఖర్చు తగ్గించండి" కొట్టేసి "డిటెన్షన్ ఖర్చు తగ్గించండి" అని మార్చాం, దానికే గంట పట్టింది.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు సంతకానికి జంకారు, వాళ్ళనేమీ అనలేం, అందుకే కమిటీ పేరు మీదే పంపాం. నాన్ ప్రాఫిట్ కదా అని భయపడకండి, ఫలానా క్యాండిడేట్‌కి ఓటెయ్యమనకూడదు గానీ బిల్లుల మీద పరిమితంగా ఉత్తరాలు రాయొచ్చు.

కాంగ్రెస్‌మన్ ఆఫీసు నుంచి రెండు పేరాల రెడీమేడ్ థాంక్యూ వచ్చింది. ఈసారి నేరుగా వెళ్ళి కలుద్దామని కొత్త కమిటీకి సిఫార్సు చేస్తున్నాం, వచ్చేవాళ్ళు సెక్రటరీకి పేరివ్వండి, వీక్‌డే పొద్దున్నే ఉంటుంది కాబట్టి లీవ్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.