పిల్లల వార్డుకి మన కుక్కలు

అందరికీ నమస్కారమండి. ఆదివారం అమలాపురం ఆసుపత్రిలో పిల్లల వార్డుకి, కాసేపు వాళ్లకి తోడుగా మన కుక్కల్ని తీసుకెళ్దామంటే ఇంతమంది ముందుకు రావడం చాలా సంతోషం. కానీ ఇంట్లో బుద్ధిగా ఉండేవన్నీ వార్డులో కుదురుగా ఉండవు. ట్రాలీ చప్పుడుకి బెదరకూడదు, కొత్త పిల్లాడు చెవి పట్టుకున్నా ఊరుకోవాలి. ఏడాది నిండనివి వద్దు.

రేబిస్ టీకా కార్డు తప్పనిసరి. శనివారం సాయంత్రం స్నానం చేయించి, గోళ్లు తీసి, పిడుదులు ఉన్నాయేమో చూడండి. కాలవగట్ల మీద తిరిగేవాటికి చెవుల్లో దాక్కుంటాయి. పచ్చి చేప తలలు, పచ్చి చికెన్ పెట్టేవాళ్లు ఈసారికి కుక్కని తీసుకురావద్దు. కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది, పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మాత్రం దాన్నుంచి పిల్లలకి అంటవచ్చు.

డాక్టరుగారు సరేనన్న పిల్లల దగ్గరికే వెళ్తాం. క్యాన్సర్ మందులతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, అలర్జీ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లం. ముట్టుకునే ముందూ తర్వాతా పిల్లల చేతులు శుభ్రం చేయించాలి.

భయపడే బిడ్డని బలవంతపెట్టొద్దు, దూరం నుంచి చూసినా చాలు. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్టు 1960లలోనే చెప్పారు: తనతో కలవని పిల్లలు, గదిలో తన కుక్క జింగిల్స్ ఉంటే దగ్గరయ్యేవారట. మన పని కూడా అంతే, పక్కన కూర్చోవడం.

కుక్క ఊరికే ఆవులిస్తూ, మూతి నాక్కుంటూ ఉంటే దానికి టెన్షన్ అని అర్థం. వెంటనే బయటికి తెచ్చేయండి. టీకా కార్డు ఫొటోలు శుక్రవారం రాత్రికల్లా ఇక్కడే పెట్టండి.