సత్రాలకు వేసిన తాళాలు తీయండి

ఎడిటర్ గారికి,

ఇంగ్లండులోని పాత సంత ఊళ్లలో వందల ఏళ్ల నాటి పబ్‌లు, బాటసారులు దిగే బసలు ఇంకా నడుస్తున్నాయని మీ ఆదివారం సంచికలో చదివాను. ఫొటోలు బాగున్నాయి గానీ, అవి ఎలా నిలబడ్డాయో కూడా రాసి ఉంటే మనకు పనికొచ్చేది.

లింకన్‌షైర్‌లో స్టాంఫర్డ్ అనే ఊరుంది, మా అమ్మాయి వాళ్లు ఆ దగ్గర్లోనే ఉంటారు కాబట్టి చూశాను. అక్కడి జార్జ్ హోటల్ బోర్డు రోడ్డు మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు వేసిన దూలానికి ఉంటుంది, దాని కిందనుంచే కార్లు పోతుంటాయి. లండన్ నుంచి ఉత్తరాదికి వెళ్లే పాత రహదారి అదే. ద్వారం దగ్గర రెండు తలుపులు, ఒకదాని మీద లండన్ అని, ఇంకోదాని మీద యార్క్ అని రాసి ఉంటుంది. గుర్రపు బండి కోసం వచ్చినవాళ్లు తాము వెళ్లే దిక్కును బట్టి ఆ గదిలోనో ఈ గదిలోనో కూర్చునేవారట. 1840ల్లో రైళ్లొచ్చి ఆ బండ్లు మూలనపడ్డాయి, బసలు కూడా చాలా మూతపడ్డాయి. మిగిలినవి గదులు, భోజనం, బీరు అమ్ముకుని బతికాయి.

చట్టం కూడా గట్టిదే. లండన్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్‌ను 2015లో అనుమతి లేకుండా పడగొడితే, ఎప్పటిలాగే మళ్లీ కట్టమని కౌన్సిల్ ఆదేశించింది. కట్టారు, 2021లో మళ్లీ తెరిచారు. మన దగ్గరైతే జరిమానా కట్టేసి పైన నాలుగంతస్తులు లేపేవాళ్లు!

మన సత్రాలది వేరే కథ. వాటిల్లో బస ఉచితం, ఖర్చంతా దాత రాసిచ్చిన మాన్యాల మీద వచ్చే కౌలుతోనే వెళ్లాలి. కౌలు రాకపోతే వంటశాల ఆగిపోతుంది, తర్వాత పైకప్పు కారడం మొదలవుతుంది, ఆ తర్వాత గేటుకు తాళం పడుతుంది. గుంటూరులో నాకు తెలిసిన సత్రం ఒకటి అచ్చం ఇలాగే అయింది. ముందున్న అరుగు కొట్టేసి షాపులకు షట్టర్లు పెట్టారు, దాత పేరున్న రాతిపలక మీదుగా కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కట్టారు. లోపల బావి, టేకు స్తంభాలు ఇంకా ఉన్నాయి, చూసేవాడే లేడు.

అక్కడికి దగ్గర్లోనే జీజీహెచ్, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి రోగిని తీసుకొచ్చినవాళ్లు రాత్రిళ్లు ఆవరణలో చాపలు పరుచుకుని పడుకుంటారు. ఆడవాళ్లకు స్నానానికి చోటు ఉండదు, ఆ అవస్థ చెప్పనక్కర్లేదు.

తాళం వేసిన సత్రాలు దేవాదాయ శాఖ కింద ఎన్ని ఉన్నాయో ముందు లెక్క తీయండి. ఒక్కదాన్నైనా బాగుచేసి, రోజుకు ముప్పయ్యో యాభయ్యో తీసుకుని రోగుల బంధువులకు ఇవ్వండి. సత్రం ముందున్న షాపుల స్థానంలో టిఫిన్ హోటల్ పెట్టిస్తే కరెంటు బిల్లు, ఊడ్చేవాళ్ల జీతం దాని అద్దెతోనే వెళ్లిపోతాయి. ఉచితంగా పెట్టాల్సిన చోట డబ్బు తీసుకోవడం ధర్మమా అని అడుగుతారేమో, మరి తాళం వేసి ఉంచడం ఏ ధర్మం? ఆ ఫ్లెక్సీ మాత్రం రేపే తీయించవచ్చు, దానికి బడ్జెట్ అక్కర్లేదు.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు