వార్డుకొక పుస్తకాల బీరువా, ఆగని గడియారం కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత వేసవిలో ఇంటి మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్న నేను నెల్లూరులోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నాను. పది రోజుల్లో పంపించేస్తామన్న వైద్యులు, కుట్ల దగ్గర పట్టిన చీము ఎముక దాకా పోయిందని తేలడంతో ఆరు వారాల పాటు నరానికి మందు ఎక్కించాలన్నారు. మొత్తం మీద 47 రోజులు ఒకే మంచం మీద ఉన్నాను. వైద్యం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు, కాలు నిలబడింది. నేను రాయదలచుకున్నది మందుకూ మందుకూ మధ్య మిగిలిపోయే కాలం గురించి. ఉదయం రౌండ్సు, డ్రెస్సింగు, మూడు పూటలా ఇంజక్షను, కాస్త కాళ్ళ కసరత్తు, ఇవన్నీ కలిపినా మూడు గంటలకు మించవు. మిగతా ఇరవై ఒక్క గంటలు నాలుగు రోజుల్లో ఇంటికి పోయేవారికి విశ్రాంతి కావచ్చు గానీ, నెలల తరబడి ఉండవలసిన వారికి అవే ఇంకొక జబ్బు. ఈ రెండో రకం వారిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు నేనున్న చోట ఒక్కటీ కనపడలేదు.

మా వార్డులో గోడ గడియారం ఉండేది గానీ అది ఎప్పుడో నాలుగుంబావు దగ్గర ఆగిపోయింది. క్యాలెండరు లేదు. రాత్రింబవళ్ళు ట్యూబ్‌లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఎదురు మంచం మీది పెద్దాయన, ఎనభై దాటినవారు, ఆపరేషనైన మూడో రాత్రి లేచి కూర్చుని "కోడి కూసిందా? ఎద్దుల్ని ఇప్పినారా?" అని కొడుకును నిలదీసి, చేతి సూది పీకేయబోయారు. మతి చలించిందేమోనని కొడుకు బెంబేలెత్తిపోయాడు. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి మొదట అడిగింది ఆయన కళ్ళజోడు ఎక్కడుందని. అది మూడు రోజులుగా చేతిసంచి అడుగున ఉంది. వయసు మళ్ళిన వారికి ఆసుపత్రిలో ఇట్లా జరగడం మామూలేనని, కళ్ళజోడు, చెవి మిషను పెట్టడం, ఏ రోజో ఏ వేళో చెబుతుండటం, తెలిసిన మనిషి పక్కన ఉండటం, రాత్రి పూట వెలుతురు తగ్గించడం కూడా వైద్యంలో భాగమేనని ఆమె ఓపికగా వివరించారు. మర్నాడు కొడుకు ట్రంకురోడ్డుకు పోయి ఒక తేదీల క్యాలెండరు కొనుక్కొచ్చి సెలైన్ స్టాండుకు తగిలించాడు. రోజూ పొద్దున్నే ఆ కాగితం చింపడం పెద్దాయన పని అయింది. తర్వాత ఒకసారి ఆ డాక్టరమ్మే అమెరికాలో జరిగిన ఒక పరిశోధన సంగతి చెప్పారు. పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న వారిలో కిటికీ నుంచి చెట్లు కనపడేవారిని 23 మందిని, ఇటుక గోడ మాత్రమే కనపడేవారిని 23 మందిని పోల్చి 1984లో ఫలితాలు ప్రచురించారట. చెట్లు కనపడినవారు కొంచెం ముందుగానే ఇంటికి పోయారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. నాకు కనపడింది లిఫ్టు గోడ.

పొద్దుపోవడానికి మాకు దొరికిన ఆధారాలు రెండు. పన్నెండు మంచాలకు ఒక్కరే దినపత్రిక కొనేవారు. దాన్ని కాగితం కాగితంగా విడదీసి పంచుకుంటే, ఆఖరి మంచానికి మొదటి పేజీ చేరేసరికి సాయంత్రమయ్యేది. గళ్ళ నుడికట్టును మాత్రం అందరం కలిసి పూరించేవాళ్ళం. నేను ఒకరోజు "నాగలి పిడి, రెండక్షరాలు, రెండోది డి" అని చదివి, పెద్ద తెలివిగా "కాడి" అని రాయబోతే, పక్క మంచం మీది రైతు "కాడి ఎద్దుల మెడ మీద గదా సామీ ఉండేది, పిడిని మేడి అంటారు" అని దిద్దాడు. అతనికి చదువు రాదు. ఆ రోజు నుంచి పొలం పనుల ఆధారాలన్నీ అతనికే వదిలేశాను.

రెండోది పులి-మేక. ఆ రైతే నా ఎక్స్‌రే కవరు వెనక బాల్‌పెన్నుతో గీతలు గీశాడు. ఇంజక్షన్ బుడ్ల మీద ఉండే రంగు మూతలు పదిహేను ఏరి మేకలు చేశాడు, సీసాల రబ్బరు బిరడాలు మూడు పులులయ్యాయి. ఒక చేతికి సూది ఉన్నవాడు కూడా ఇంకో చేత్తో ఆడగలిగిన ఆట అది. మంచాల కింద చాపల మీద పడుకునే సహాయకుల సంగతి ఎవరికీ పట్టదు గానీ, ఆట మొదలైందంటే నా భార్యతో సహా వాళ్ళంతా చుట్టూ చేరేవారు. నర్సులు చూసీ చూడనట్టు పోయేవారు, ఒక రాత్రి డ్యూటీ ఆమె అయితే మా మేకలకు తప్పించుకునే దారి కూడా చూపించింది.

అయితే ఆటతో ఎంతసేపని? చదవడానికి ఏదైనా ఉంటే బాగుండుననిపించేది. మా అబ్బాయి ఇంటి నుంచి నాలుగు వందల పేజీల నవల తెచ్చాడు, కానీ ఒంటి చేత్తో అంత పుస్తకాన్ని పట్టుకోవడం సాధ్యం కాక రెండుసార్లు గుండెల మీద వేసుకున్నాను. ఆసుపత్రిలో చదివేవారికి కావలసినవి పలచటి కథల పుస్తకాలు, పాత వారపత్రికలు, పెద్ద అక్షరాల పిల్లల పుస్తకాలు. వీటికి కొత్తగా నిధులు వెతకనక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. గ్రంథాలయం లేని ఊళ్ళలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు, అంటే కొన్ని పుస్తకాలు ఉంచి చదువుకోనిచ్చే చోట్లు, పెట్టే పద్ధతి ఆ సంస్థలకు కొత్త కాదు. అటువంటి కేంద్రం ఒకటి, యాభై పుస్తకాలతో, జిల్లాలోని ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ ఎందుకు పెట్టకూడదు? అంటువ్యాధుల వార్డులకు, కాలిన గాయాల వార్డుకు పుస్తకాలు తిప్పకూడదంటే తిప్పవద్దు. ఎముకల వార్డుకు, వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునే డయాలిసిస్ రోగులకు తిప్పవచ్చు కదా. కనిగిరి వైపు కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న వారు ఎందరో, వారిలో ఒక్కొక్కరికి ఏడాదికి ఆరు వందల గంటలకు పైగా ఆ మంచం మీదే గడుస్తాయి. 1935లోనే పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపిన జాతి మనది. వార్డులోకి చక్రాల బీరువా ఒకటి తోయడం అంతకంటే కష్టం కాదు.

ఇక అయినవాళ్ళతో సంబంధం విషయం. సెల్‌ఫోను వచ్చాక ఆ బాధ తీరిందని బయట ఉన్నవారు అనుకుంటారు. మా ఎనిమిది మంచాల వరుసకు పనిచేసే స్విచ్చిబోర్డు ఒక్కటే ఉండేది. ఎవరో జంక్షన్ బాక్సు తెచ్చి తగిలిస్తే, ఆక్సిజన్ పక్కన ఆ వైర్లేమిటని సిస్టరు కేకలేసి తీయించారు. ఆమె చేసింది సబబే, కానీ తర్వాత ఫోన్లన్నీ క్యాంటీనులో పది రూపాయలిచ్చి ఛార్జింగు పెట్టించుకోవలసి వచ్చింది. మంచానికొక సాకెట్టు ఈ రోజుల్లో విలాసం కాదు. పక్క మంచం రైతు కొడుకు కలిగిరి పొగాకు వేలంకేంద్రం నుంచి రోజూ ఫోన్ చేసి, ఏ పొగాకు బేలు ఏ ధరకు పోయిందో చెప్పేవాడు. "రెండు బేళ్ళు నోబిడ్ అయినాయి నాయనా" అన్న రోజు, అంటే వాటిని ఎవరూ పాడలేదన్న రోజు, అతను అన్నం ముట్టలేదు, ధర పలికిన రోజు వార్డంతటికీ టీ తెప్పించాడు. ఆ ఒక్క ఫోన్ కాల్ వల్ల అతను ఇంకా తన ఇంటి యజమానిగా, తన పంటకు రైతుగా ఉన్నాడు. నాకు వచ్చిన కాల్సు మాత్రం వేరు. రోజుకు ఇరవై మంది "ఎట్టుండావు?" అని అడిగితే ఇరవై సార్లు కుట్ల కథ చెప్పలేక ఫోన్ ఆపేసేవాణ్ణి. చివరికి మా అబ్బాయి రాత్రి ఎనిమిదింటికి కుటుంబం వాట్సాప్ గ్రూపులో నాలుగు మాటలు పెట్టడం మొదలెట్టాక, ఫోన్ చేసేవారు జబ్బు మాని ఊరి కబుర్లు చెప్పసాగారు. చెరువు కింద ఎవరు నాట్లు వేశారో, ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. దీర్ఘరోగులను పలకరించేవారు దయచేసి ఆ పద్ధతి పాటించాలి. వార్డులో స్పీకరు పెట్టి రీల్సు చూసేవారి చేత ఇయర్‌ఫోన్లు కొనిపించే అధికారం కూడా సిస్టర్లకు ఎవరైనా ఇస్తే బాగుండును.

సందర్శకుల వేళలు మాత్రం ఆసుపత్రి అధికారులే మార్చవలసినవి. నేనున్న చోట సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మాత్రమే పంపేవారు. ఉదయగిరి దగ్గరి మా ఊరు నెల్లూరుకు వంద కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది, సీతారామపురం వైపు వారికి ఇంకా దూరం. ఆరింటి దాకా ఉంటే తిరుగు బస్సు దొరకదని, మా తమ్ముడు ఒకరోజు పొద్దున్నే బయలుదేరి పదకొండింటికే వచ్చాడు. గేటు దగ్గర కాపలా మనిషిని బతిమాలి, వినకపోతే కిందనే కూర్చుని, నాకు ఫోన్ చేసి మాట్లాడి వెళ్ళిపోయాడు. రెండంతస్తుల కింద ఉన్న మనిషితో నేను ఫోనులో మాట్లాడాను. ఐసియు నియమాలు ఐసియుకు ఉండనీయండి. నెల దాటి ఉండే వారి కోసం దూరాభారాల నుంచి వచ్చేవారికి మధ్యాహ్నం ఒక గంట చీటీ రాసి ఇవ్వడం వల్ల ఎవరికీ నష్టం రాదు.

నా దగ్గర శుభ్రంగా ఉన్న పాత వారపత్రికలు అరవై దాకా, కథల పుస్తకాలు డజను ఉన్నాయి. డిశ్చార్జి రోజున వార్డుకు ఇస్తానంటే ఎవరికి అప్పగించాలో చెప్పగలిగినవారు లేక తిరిగి ఇంటికే తెచ్చుకున్నాను. జిల్లా గ్రంథాలయ సంస్థ వారు గానీ ఆసుపత్రుల అధికారులు గానీ మీ పత్రిక ద్వారా ఒక చోటు చెబితే, వచ్చే నెల చెకప్‌కు వచ్చినప్పుడు ఆ సంచీ కూడా వెంట తెస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా