మూసీ నీళ్ళు మా కత్వకు ఎప్పుడొస్తయో చెప్పండి సార్

సంపాదకుడు గారికి నమస్కారం,

వానాకాలం వచ్చిందంటే మీ పేపర్ల ప్రాజెక్టుల నీటిమట్టాలు రోజూ వేస్తరు, పొద్దుగాల నేను ఫస్ట్ చూసేది అదే. శ్రీశైలం 885 అడుగులకు ఎంతుంది, సాగర్ 590కి ఎంతుంది, జూరాలకు ఇన్‌ఫ్లో ఎంత, ఇవన్నీ కావాల్సినవే, మిర్యాలగూడ దిక్కున్న మా చుట్టాలు నాట్లు వేసుడు సాగర్ ఎడమ కాల్వను చూసుకునే. కానీ మేముండేది వలిగొండ మండలంల మూసీ ఒడ్డున. కత్వ అంటే ఏటికి అడ్డంగ కట్టిన చిన్న ఆనకట్ట, మేం అవతలికి పోయే తక్కువ ఎత్తు రోడ్డు అక్కడనే. సంగెం దగ్గర భీమలింగం కత్వ మీదికి నీళ్ళు ఎన్నింటికి ఎక్కుతయో మాకు ఏ పేపర్ల దొరకదు.

మూసీది కృష్ణ లెక్క కాదు సార్. అనంతగిరి గుట్టల్ల వాన దంచిందంటే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిండి గేట్లు లేపుతరు, దానికి హైదరాబాద్ నాలాల నీళ్ళన్నీ కలిసి మా మీదికొస్తయి. ఆ టైంల ఇక్కడ ఎండ కాస్తుంటది, చుక్క వాన ఉండదు. ముందుగాల రుద్రవెల్లి, జూలూరు నడుమ లోలెవల్ బ్రిడ్జి మునుగుతది, ఆ తర్వాత మా కత్వ. మొగులు చూసి అంచనా వేసుకుందామంటే కుదరదు.

పోయినేడు పొద్దుగాల పాలక్యాన్లు పట్టుకుని అవతలికి పోయిన, అప్పుడు రోడ్డు పొడిగనే ఉంది, రెండు గంటలకు మర్లొస్తే రోడ్డు మీద తెల్లటి నురగ, అంచున ఉండే రాళ్ళు ఒక్కటి కనబడలే. ఒక పిల్లగాడు కాలేజీకి లేటయితదని బండి దించబోయిండు, మేం ముగ్గురం హ్యాండిల్ పట్టుకుని ఆపినం, వాడు ఏడ్చినంత పని చేసిండు, పరీక్ష ఉందంట. ఆపెటోళ్ళు లేకపోతే దిగెటోడే. మా ఊరోళ్ళే తుమ్మకంప కొట్టుకొచ్చి అడ్డమేసిండ్రు, బారికేడ్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గేట్లు లేపిన సంగతి రాత్రే టీవీల స్క్రోలింగ్ వచ్చిందంట, మేం పండుకున్నం.

11,574 క్యూసెక్కులు ఒక రోజంత పారితే ఒక టీఎంసీ, ఆ లెక్క నేనూ నేర్చుకున్న. కానీ అన్ని నీళ్ళొస్తే మా కత్వ మీద మోకాళ్ళ లోతుంటదా, నడుముల దాక వస్తదా అనేది ఆ నంబర్ల ఉండదు కదా. 2009 అక్టోబర్ల కృష్ణ, తుంగభద్ర రెండూ పొంగి అలంపూర్, రాజోలి మునిగినయి, పైనుంచి వచ్చే నీళ్ళ సంగతి కిందోళ్ళకు టైంకు తెలవకపోతే ఏమైతదో అప్పటిసంది మన జిల్లాలల్ల అందరికీ ఎరుకనే.

హైలెవల్ బ్రిడ్జి కావాలె, అది కట్టేదాక మాత్రం మేం ఆగలేం. జంట జలాశయాల గేట్లు లేపంగనే కింద ఒడ్డున ఉన్న ప్రతి పంచాయతీకి ఫోన్ పోవాలె, అది రాత్రి రెండింటికైనా సరే, డప్పు చాటింపు వేయించాలె. కత్వ పక్కన అడుగుల గుర్తులు పెయింట్ చేసిన రాయి ఒకటి పాతాలె, ఆ గీత దాటితే ఎవ్వరూ దిగొద్దని రాయాలె. దీనికి కోట్లేం పట్టవు.

మీతోని అయ్యేది కూడ ఒకటుంది సార్. జిల్లా పేజీల నీటిమట్టాల పక్కన చిన్న డబ్బా కట్టి ఇయ్యాల మూసీ మీద ఏ కత్వ రోడ్డు తెరిచుంది, ఏది మూసిండ్రు అని వేయండి. అర్ధరాత్రి గేట్లు లేపితే పేపర్ల రాదు, అది నాకు తెలుసు, అప్పుడు మీ విలేకరులు వాట్సాప్‌ల పెట్టినా మా పాలోళ్ళకు, స్కూల్ ఆటోలోళ్ళకు అందుతది.

ఇట్లు
మీ పాఠకుడు, వలిగొండ మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా