మా అమ్మ పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయికి

పోయిన శనివారం లైబ్రరీలో ‘యంగ్ ఎట్ హార్ట్’ డాక్యుమెంటరీ వేసినప్పుడు మా అమ్మ పక్కన కూర్చున్న అమ్మాయీ, ఇది నీ కంట పడుతుందనే ఆశతో రాస్తున్నాను. చాలా థాంక్స్.

అమ్మ తెనాలి నుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. చంటివాడు ఏడుపు లంకించుకోవడంతో నేను బయటే ఉండిపోయాను. లోపల అమ్మకి తెలుగులో చెప్పుకొచ్చింది నువ్వేనట.

మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో 1982లో మొదలైన ముసలివాళ్ళ గాన బృందం కథ అది. పాడేవి భజనల్లాంటివి అనుకునేరు, అచ్చమైన రాక్ పాటలు! ‘కెన్’ అనే మాట 71 సార్లు వచ్చే పాట ఒకటుంది. దాన్ని నేర్చుకోలేక వాళ్ళు పడే తిప్పలకి అమ్మ పడీపడీ నవ్విందట. దానికి తెలుగు అక్కర్లేదులే.

కానీ ఫ్రెడ్ నిటిల్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని ఒక్కడే పాడతాడు చూడు, అక్కడ నువ్వు అమ్మ చెవిలో ఒక మాట చెప్పావు: “ఇది ఇద్దరు కలిసి పాడాల్సింది పిన్నిగారూ, రెండో ఆయన పోయారు.” ఆ ముక్క తెలియకపోతే ఎవరో తాత పాడుతున్నాడు అనుకునేది, అంతే. ముందు వరసలోవాళ్ళు గుర్రుగా చూసినా నువ్వు ఆపలేదట.

ఇప్పుడు ఊళ్ళో తన భజన బృందానికి రోజూ ఫోన్‌లో ఈ కథే, కాస్త మసాలా దట్టించి మరీ. ఒకసారి భోజనానికి రా తల్లీ. అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి ఇంకా సగం సీసా ఉంది.