ఏరోస్పేస్ పార్కుల్లో ముందుగా కట్టాల్సింది కోటింగ్ లైను

సంపాదకులకు నమస్కారం.

దేవనహళ్లి దగ్గర ఏరోస్పేస్ పార్కు కోసం తలపెట్టిన 1,777 ఎకరాల సేకరణను, రైతుల ఆందోళనకు తలొగ్గి కర్ణాటక ప్రభుత్వం 2025 జూలైలో విరమించుకుంది. ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ మంత్రి లోకేశ్, బెంగళూరు పక్కనే మా దగ్గర 8 వేల ఎకరాలు సిద్ధంగా ఉన్నాయి రమ్మని ఆ పరిశ్రమను పిలిచారు. ఆంధ్రప్రదేశ్ తన 2025–30 విధానంలో లేపాక్షి–మడకశిర, ఓర్వకల్లు, దొనకొండ, విశాఖ తీరం అంటూ ఒక్కో ప్రాంతానికి ఒక్కో పని పంచింది. తెలంగాణ సంగతి చూస్తే, ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ ఫ్యూజ్‌లేజ్‌లు, సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. శంషాబాద్‌లో శాఫ్రాన్ లీప్ ఇంజన్ల ఓవర్‌హాల్ కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది. ఇవన్నీ సంతోషించదగ్గవే. అయితే రెండు రాష్ట్రాల్లోనూ మాటంతా ఎకరాల మీద, రాయితీ శాతాల మీదే నడుస్తోంది. విడి భాగాలు తయారుచేసే చిన్న షాపులకు పని ఎక్కడ ఆగిపోతోందో ఆ లెక్కల్లో కనిపించదు. ఆగేది కోటింగ్ లైను దగ్గర, అంటే భాగాలకు రక్షణ పొర వేసే ట్యాంకుల వరస దగ్గర.

ఒక్క భాగాన్ని తీసుకుని చూడండి. 7075 రకం అల్యూమినియం మిశ్రమం ప్లేటు నుంచి తీసే బ్రాకెట్ అనుకుందాం. ప్లేటులో చాలాసార్లు పదింట తొమ్మిది వంతులు చిప్పుల కింద పోతుంది. ఒకే వైపు నుంచి లోహం తోడేస్తే లోపలి ఒత్తిళ్లు విడుదలై ముక్క వంగిపోతుంది. అందుకే రెండు వైపులా మార్చి మార్చి ముతకగా కోస్తారు (రఫ్ చేస్తారు). చుట్టూ 2 మి.మీ. ఉంచి, బిగింపు వదిలేసి, ముక్క కుదురుకున్నాక ఫినిష్ కట్ పెడతారు. బాలానగర్, చెర్లపల్లి, కుషాయిగూడ షాపులకు ఇది కొట్టిన పిండి. డీఆర్‌డీవో ల్యాబులకూ, క్షిపణులు తయారుచేసే బీడీఎల్‌కూ దశాబ్దాలుగా చేసి చేసి వచ్చిన చేయి అది. ఇక్కడిదాకా ఏ ప్రభుత్వ సాయమూ అక్కర్లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బ్రాకెట్‌కు హార్డ్ యానోడైజింగ్ చేయాలి, అంటే ఆమ్ల ద్రావణంలో కరెంటు పంపి పైన గట్టి ఆక్సైడ్ పొర పెంచాలి. విదేశీ విమాన సంస్థల పని అయితే నాడ్‌క్యాప్ (ఏరోస్పేస్ ప్రత్యేక ప్రక్రియలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ఉన్న లైనులోనే చేయించాలని కొనుగోలు ఆర్డరులోనే ఉంటుంది. అలాంటి లైన్లు ఎక్కువగా పెద్ద కంపెనీల ఆవరణల్లో, వాళ్ల సొంత సరుకు కోసం నడుస్తాయి. బయటి చిన్న షాపు తెచ్చిన ఇరవై ముక్కల లాటు వాళ్లకు ఆనదు. అందుకని చాలా షాపులు సరుకును ప్యాక్ చేసి 570 కి.మీ. దూరంలోని బెంగళూరుకు పంపుతున్నాయి. రానుపోను రవాణా, అక్కడ వరసలో నిరీక్షణ, తిరిగొచ్చాక మళ్లీ కొలతలు.

రవాణా ఖర్చు కన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. హార్డ్ యానోడైజింగ్ పొర మామూలుగా 50 మైక్రాన్లు (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు). అందులో సగం లోహంలోకి దిగుతుంది, సగం పైకి పెరుగుతుంది. అంటే ఒక్కో ముఖం 25 మైక్రాన్లు లేస్తుంది, బోరు (భాగంలోని రంధ్రం) వ్యాసం 50 మైక్రాన్లు తగ్గుతుంది. మెషీనిస్టు ఆ మేరకు ముందే పెద్దగా బోరు చేస్తాడు. కానీ పొర మందంలో 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. అప్పుడు వ్యాసం ప్లస్ మైనస్ 10, మొత్తం 20 మైక్రాన్లు ఊగుతుంది. హెచ్7 అనే కచ్చితత్వ తరగతిలోని 12 మి.మీ. బోరుకు డ్రాయింగు ఇచ్చే టాలరెన్స్ (అనుమతించే తేడా) మొత్తం 18 మైక్రాన్లే. అంటే కోటింగ్ షాపు తన ప్రమాణం ప్రకారం ఏ తప్పూ చేయకుండానే బోరు అవుటవుతుంది! బోరును మాస్క్ చేయమన్న (పొర పడకుండా మూసేయమన్న) డ్రాయింగుల్లో ఈ తంటా లేదు. మాస్కింగ్ లేని చోట మాత్రం, ఈ ట్యాంకులో ఈ మిశ్రమానికి పొర ఎంత వస్తోందో మెషీనిస్టు, ట్యాంకు దగ్గరి మనిషి పక్కపక్కన నిలబడి రెండు ముక్కల మీద చూసుకుని, బోరు కొలత దాన్ని బట్టి ఖరారు చేసుకోవాలి. ఊళ్లో లైను ఉంటే ఇది ఒక పూట పని. బెంగళూరు పంపితే రెండు వారాలైనా పట్టవచ్చు. పైగా పొర తేడా వచ్చిందని ఊడదీసి మళ్లీ వేయడానికి కుదరదు. ఊడదీసినప్పుడు లోపలికి దిగిన సగం కూడా పోతుంది కాబట్టి, రెండోసారి పొర వేసినా బోరు కావాల్సినదానికన్నా 50 మైక్రాన్లు పెద్దగానే మిగులుతుంది. అది స్క్రాపే. మెషీన్ మీద గంటల తరబడి చేసిన పని తుక్కులోకి పోతుంది.

ఉక్కు భాగాలకు తుప్పు పట్టకుండా వేసే కాడ్మియం ప్లేటింగ్ (పూత) ఇంకా సున్నితం. ప్లేటింగ్ ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొచ్చుకుపోతుంది. ట్యాంకు నుంచి తీసిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి, దాదాపు 190 డిగ్రీల దగ్గర 23 గంటలు కాల్చాలి. ఆలస్యమైతే బోల్టు చూడ్డానికి మెరుస్తూ ఉంటుంది, కొలతలో నిలుస్తుంది. భారం పడ్డ కొన్ని గంటలకో రోజులకో పుటుక్కున విరుగుతుంది. ప్లేటింగ్ ఒక చోట, ఓవెన్ ఇంకో చోట ఉండి మధ్యలో ట్రాఫిక్‌లో ఆటో చిక్కుకున్నా ఆ లాటును నమ్మలేం. కాల్పు మధ్యలో కరెంటు పోయినా అంతే. అందుకే ట్యాంకు, ఓవెన్, జనరేటరు ఒకే కప్పు కింద ఉండాలి.

మరి చిన్న షాపులే సొంతంగా లైను పెట్టుకోవచ్చు కదా అని అడగొచ్చు. ట్యాంకులు, కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయరు పెద్ద ఖర్చేమీ కాదు. మోయలేని బరువు వాటి చుట్టూ ఉన్నదే. హార్డ్ యానోడైజింగ్ ద్రావణాన్ని సున్నా డిగ్రీల ప్రాంతంలో నిలిపే చిల్లర్ ఉండాలి. కడగడానికి లవణాలు తీసేసిన (డీఅయనైజ్డ్) నీళ్లు కావాలి. ఇక్కడి బోరునీళ్లలోని క్లోరైడ్లు తగిలితే పొర మీద గుంటలు పడతాయి. రాగి కలిసిన 2024 రకం అల్యూమినియం మిశ్రమం పట్టు సరిగ్గా లేని చోట కరెంటు ఎక్కువై కాలిపోతుంది కాబట్టి ఒక్కో భాగానికి దాన్ని పట్టి ఉంచే ఒక్కో ఫిక్చర్ కావాలి. ద్రావణాలను రోజూ టైట్రేషన్ చేసి గాఢత చూసే కెమిస్టు ఉండాలి. టెస్టు ప్యానెల్‌ను తుప్పును తట్టుకుంటుందో చూడటానికి 5 శాతం ఉప్పునీటి తుంపరలో 336 గంటలు, అంటే 14 రోజులు ఉంచే ఛాంబర్ కావాలి. అన్నిటికన్నా కష్టం వ్యర్థజలాలు. క్రోమేట్ వాడే చోట విషపూరితమైన హెక్సావలెంట్ క్రోమియాన్ని ముందు ఆమ్లంలో మెటాబైసల్ఫైట్‌తో ట్రైవలెంట్‌గా మార్చాలి. తర్వాత సున్నంతో పీహెచ్ పెంచి అడుగుకు దింపాలి. బయటకు వదిలే నీటిలో హెక్సావలెంట్ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. వరస తప్పి ముందే సున్నం వేస్తే హెక్సావలెంట్ నీళ్లలోనే ఉండిపోతుంది. పదిమంది పనిచేసే షాపు ఈ ప్లాంటును నడపలేదు. ఇళ్ల మధ్య ఉన్న పాత పారిశ్రామికవాడల్లో దానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి దొరకడమూ కష్టం, దొరకాలని కోరడమూ సరికాదు. అక్కడి నీళ్లు తాగేది మన పిల్లలే.

ప్రభుత్వం రావాల్సింది సరిగ్గా ఇక్కడే. పార్కు లేఅవుట్ గీసేటప్పుడే ఉమ్మడి ప్రాసెసింగ్ కేంద్రానికి రెండు మూడు ఎకరాలు, మురుగు శుద్ధి ప్లాంటు, రెండు ఫీడర్ల కరెంటు కేటాయించాలి. తెలంగాణలో ఆదిభట్ల చుట్టుపక్కల ఒకటి, ఆంధ్రప్రదేశ్‌లో మడకశిర–పాలసముద్రం వైపు ఒకటి చాలు మొదటికి. అందులో యానోడైజింగ్, కాడ్మియం, ఓవెన్లు, పగుళ్లు పట్టే పెనెట్రంట్ పరీక్ష, 20 డిగ్రీల గదిలో సీఎంఎం (కొలతల యంత్రం) ఉండాలి. డబ్బుకు దారులు ఉన్నాయి. కేంద్రం 2020లో 400 కోట్లతో తెచ్చిన రక్షణ పరీక్షా సదుపాయాల పథకం ఖర్చులో 75 శాతం దాకా గ్రాంటుగా ఇచ్చేలా రూపొందింది. తమిళనాడు దాన్ని అందిపుచ్చుకుంది. అది పరీక్షలకే పరిమితం కాబట్టి కోటింగ్ లైన్లకు సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకాన్ని వాడుకోవాలి. మిగతా వాటా రాష్ట్రం వేసి, షాపుల సంఘం కొంత పెడితే సరిపోతుంది.

ఇలాంటి ఉమ్మడి కేంద్రాలు దేశంలో చాలా చోట్ల రిబ్బన్ కత్తిరించాక మూలపడ్డాయి. యంత్రాలు కొనడానికి డబ్బు వస్తుంది, రసాయనాలకూ కెమిస్టు జీతానికీ రాదు. అందుకే దాన్ని శాఖ చేతిలో ఉంచకుండా, ఇప్పటికే గుర్తింపు ఉన్న ప్రాసెసింగ్ సంస్థకు నిర్వహణ ఇవ్వాలి. కనీసం సగం సామర్థ్యం చిన్న షాపుల పనులకే అని ఒప్పందంలో రాయాలి. మొదటి మూడేళ్లు నిర్వహణ లోటు ప్రభుత్వం భరించాలి. నాడ్‌క్యాప్ ఆడిటరు వచ్చిన రోజు ట్యాంకులో అసలైన పని నడుస్తూ ఉండాలి. మొదటి గుర్తింపు 12 నెలలకే. లోపాల్లేకుండా నడిపితేనే తర్వాత 18, 24 నెలలకు పెరుగుతుంది. కాబట్టి పార్కులో రాయితీ భూమి తీసుకున్న పెద్ద సంస్థ మొదటి ఏడాది ఇంత పని ఈ లైనుకు ఇస్తానని కేటాయింపు పత్రంలోనే రాసి ఇవ్వాలి. భూమి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం అడిగితే కాదనే సంస్థ ఉంటుందని అనుకోను.

తెలంగాణకు ఇంకో తొందర ఉంది. 2025 నవంబరులో వచ్చిన హిల్ట్ (హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి) విధానం బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ వంటి 22 పారిశ్రామికవాడల భూములను ఇతర అవసరాలకు మార్చుకోనిస్తోంది. భూమి యజమానికి లాభమే. అక్కడ అద్దె షెడ్డులో ఉండి బయటి ఆర్డర్లు చేసే జాబ్ షాపు మాత్రం ఖాళీ చేయాలి. ఏరోస్పేస్ షాపుకు ఇల్లు మారడమంటే లారీలో మెషీన్లు ఎక్కించడంతో అయిపోదు. ఫైవ్ యాక్సిస్ మెషీన్‌ను కొత్త పునాది మీద లెవెల్ చేసి, లేజర్‌తో క్యాలిబ్రేట్ చేయాలి. ఏరోస్పేస్ నాణ్యతా ప్రమాణమైన ఏఎస్ 9100 సర్టిఫికెట్ ఆ చిరునామాకు ఇచ్చింది కాబట్టి మళ్లీ ఆడిట్. తయారీ స్థలం మారితే నడుస్తున్న ప్రతి పార్టుకూ ఫస్ట్ ఆర్టికల్ (మొదటి ముక్క పూర్తి) తనిఖీ మళ్లీ చేయాలి. నలభై రకాల పార్టులు చేసే షాపుకు అది నెలల పని, ఆ నెలల్లో బిల్లులు రావు. భూమార్పిడి ద్వారా ఖజానాకు వచ్చే రుసుములోంచి కొంత తీసి, ఉమ్మడి కేంద్రం పక్కనే కిరాయి షెడ్లు కట్టి, ఈ షాపులకు ముందుగా ఇవ్వాలి. షెడ్డు సిద్ధమయ్యాకే పాత చోటు ఖాళీ చేయించాలి.

ప్రోత్సాహకాల గురించి ఒక్క మాట. పెట్టుబడి రాయితీ జీవోలో ఎంత శాతం ఉన్నా, డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు ఏ బ్యాంకు మేనేజరూ దాన్ని లెక్కలోకి తీసుకోడు. శాతం తగ్గించినా ఫర్వాలేదు. ఆడిట్ ఫీజు, ఫస్ట్ ఆర్టికల్ ఖర్చు వంటివి బిల్లు పెట్టిన 60 రోజుల్లో చెల్లిస్తే చిన్న షాపుకు అదే ప్రాణం.

మనుషుల కొరతా ఉంది. ఫ్లోరసెంట్ పెనెట్రంట్ పరీక్షలో ముక్కకు వెలిగే ద్రవం పూసి కడిగాక, చీకటి గదిలో 20 లక్స్ మించని వెలుతురులో, నల్లదీపం (అతినీలలోహిత కాంతి) కింద సన్నని పచ్చ గీతను పట్టుకోవాలి. కడగడం ఎక్కువైతే పగుళ్లలోని ద్రవమూ పోయి మంచి ముక్కలా కనిపిస్తుంది. తక్కువైతే ముక్క అంతా వెలుగుతుంది. ఆ చేయి తరగతి గదిలో రాదు. తెలంగాణలో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చేందుకు ఎంచుకున్న 65 ఐటీఐల్లో రెండింటిలోనైనా ఈ కోర్సు పెట్టి, చివరి ఆరు నెలలు ఉమ్మడి కేంద్రంలోనే పని చేయించాలి. పరీక్ష చేసేవాడికి లెవెల్ 2 సర్టిఫికెట్ యాజమాన్యమే ఇవ్వాలి కాబట్టి, శిక్షణ గంటలకూ పని గంటలకూ లాగ్‌బుక్ మొదటి రోజు నుంచే రాయించాలి. అది లేకపోతే ఆడిటరు ఆ కుర్రాడి సంతకాన్ని ఒప్పుకోడు.

స్థలం, శుద్ధి ప్లాంటు అనుమతి, ట్యాంకుల బిగింపు, టెస్టు ప్యానెళ్లు, ఆడిట్ కలిపి తక్కువలో తక్కువ ఏడాదిన్నర పడుతుంది. రాబోయే బడ్జెట్లలో రెండు ప్రభుత్వాలూ దీనికి విడిగా ఒక పద్దు పెట్టాలని కోరుతున్నాను.

— ఒక ప్రెసిషన్ మెషీనింగ్ ఇంజినీరు, బాలానగర్, హైదరాబాద్