ఎలక్ట్రిక్ కారుకు మడ్ ఫ్లాప్ కావాలి, డ్రిల్లు వద్దు

సంపాదకుడు గారికి,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్నాయి. వాటిలో చాలావాటికి చక్రాల వెనక మడ్ ఫ్లాపులు రావు, విడిగా కొనుక్కోవాలి. అవి దొరకనివాళ్లు బయటి షాపులో రబ్బరు ముక్కలు వేయించుకుంటున్నారు. వేయించుకోవడం మంచిదే. బిగించే తీరుతోనే ఇబ్బంది. పెట్రోలు కారుకు అలవాటైన చేత్తోనే డ్రిల్ మిషన్ తీసి, కన్నం పెట్టి స్క్రూ దింపేస్తున్నారు.

మన దగ్గర ఫ్లాపు అలంకారం కాదు. దమ్ము రోజుల్లో మడిలోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు పోయినంత దూరం బురద రాలుస్తూ పోతుంది. టార్పాలిన్ కప్పని గ్రావెల్ టిప్పర్లు ఏడాది పొడుగునా రాళ్లు జారవిడుస్తాయి. ఎలక్ట్రిక్ మోటారు పెడల్ తొక్కిన క్షణంలోనే పూర్తి టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది కాబట్టి, గులకరాళ్ల మీద నుంచి జోరుగా కదిలితే టైరు ఒక్కసారి జారి వాటిని వెనక్కి చిమ్ముతుంది. ముందు చక్రం చిమ్మిన రాయి తలుపు కింది పట్టీకి తగులుతుంది. వెనక చక్రం చిమ్మింది వెనకాల స్కూటీ మీద వస్తున్న మనిషికి తగులుతుంది. అందుకే దీన్ని కారు యజమాని సొంత గొడవ అనుకోలేం. పెయింటు లేచిన చోట తుప్పు ఎలాగూ తప్పదు, కళింగపట్నం, భావనపాడు, నౌపడ వైపు ఉప్పుగాలికి అది ఇంకా తొందరగా పాకుతుంది.

బురద నీళ్లు తగిలితే బ్యాటరీ పోతుందని కొన్ని షాపుల్లో భయపెట్టి ఫ్లాపులు అమ్ముతున్నారు. ఆ మాట నమ్మక్కర్లేదు. ఇప్పటి కార్ల బ్యాటరీ పెట్టెలకు ఎక్కువగా ఐపీ67 అనే రక్షణ రేటింగు ఉంటుంది. అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. చిమ్మే బురద దానికి లెక్క కాదు. డ్రిల్ బిట్టుకు మాత్రం ఏ రేటింగూ అడ్డం రాదు.

చక్రం పైన కప్పినట్టుండే నల్ల ప్లాస్టిక్‌ను లైనర్ అంటారు. దాని వెనక ఖాళీ జాగా ఉందనుకోవడం పొరపాటు. ముందు వైపు వైర్ల కట్టలు, అద్దం కడిగే నీళ్ల డబ్బా, మోటారునూ బ్యాటరీనీ చల్లబరిచే కూలెంట్ ద్రవం పోయే గొట్టాలు ఉండొచ్చు. చార్జింగ్ పోర్టు వెనక చక్రం పైనుండే ఫెండర్‌ రేకులో ఉన్న కార్లలో, ఆ పక్క లైనర్ వెనకనుంచే నారింజ రంగు కేబుల్ కిందికి దిగే వీలుంది. కార్లలో నారింజ రంగు తొడుగుంటే హై వోల్టేజి అని గుర్తు, ఈ తరహా బండ్లలో అది సాధారణంగా 300 వోల్టులు దాటే ఉంటుంది. తలుపు కింది పట్టీ లోపలి వైపు బ్యాటరీ పెట్టె అంచు వస్తుంది. ఈ చోట్ల వేటికీ కొత్త కన్నం పెట్టకూడదు. పైగా కన్నం పెట్టిన చోట పాడైతే వారంటీ మాట ఎత్తే హక్కు కూడా పోవచ్చు.

కన్నం పెట్టకుండా ఎలా అంటే, కంపెనీ స్క్రూలు ఉన్న చోటే వాడుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు లైనర్ అంచున రెండు మూడు స్క్రూలు కనిపిస్తాయి. చాలా కార్లకు టీ20 లేదా టీ25 సైజు స్టార్ బిట్టు (నక్షత్రం ఆకారపు మొన) సరిపోతుంది. జాకీ అక్కర్లేదు. తప్పనిసరైతే కంపెనీ చూపిన జాకీ పాయింట్ల దగ్గరే లేపాలి, బ్యాటరీ పెట్టె కింద జాకీ పెట్టడమంటే పెద్ద ఖర్చు కొని తెచ్చుకోవడమే. ముందుగా అట్టముక్క మీద ఆకారం గీసి, స్క్రూలున్న చోట గుర్తు పెట్టి, దాని ప్రకారం రబ్బరు షీటు కోయాలి. షీటు 3 మి.మీ. మందం ఉంటే చాలు. 2 మి.మీ. కన్నా పల్చనిది హైవే వేగానికి వెనక్కి మడతపడుతుంది. కన్వేయర్ బెల్టు ముక్క గట్టిగా ఉంటుందని కొందరు వాడతారు. దాని బరువుకు లైనర్ కిందికి సాగి, చివరికి టైరుకు రాసుకుంటుంది.

ఫ్లాపు వెడల్పు టైరు కన్నా ఒక్క సెంటీమీటరు ఎక్కువుంటే చాలు. ఫెండర్ దాటి బయటికొస్తే గాలిని ఆపుతుంది, అంత మేరకు చార్జికి వచ్చే దూరం తగ్గుతుంది. మనుషులు, సామాను నిండుగా ఉన్నప్పుడు ఫ్లాపు అడుగు అంచు నేలకు 10 నుంచి 12 సెం.మీ. ఎత్తులో ఉండాలి. ఖాళీ కారు మీద కొలిచి కోసేస్తే మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే సంగతి తెలుస్తుంది. టైరుకూ ఫ్లాపుకూ మధ్య కనీసం 3 సెం.మీ. వదలాలి. ముందు చక్రాన్ని ఆ కొసకూ ఈ కొసకూ తిప్పి చూశాకే ఆఖరి బిగింపు. వెనక ఫ్లాపు మరీ కిందికి ఉంటే, రివర్సులో గట్టుకూ టైరుకూ మధ్య నలిగి బంపర్ మూలను లాక్కుపోతుంది.

స్క్రూ పొడవు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. పాత స్క్రూ 16 మి.మీ. అయితే, షీటు, వాషరు మందం కలుపుకుని 20 మి.మీ. చాలు. గట్టిగా ఉండాలని 40 వేస్తే మొన లోపల వైరు మీద పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి, వెడల్పాటి వాషర్లతో వాడాలి. వడ్రంగులు జిప్సమ్ బోర్డుకు వాడే నల్ల స్క్రూలు ఒక వానాకాలానికే తుప్పుపట్టి తల ఊడిపోతాయి. స్క్రూ కాకుండా ప్లాస్టిక్ క్లిప్పు ఉన్న చోట, లైనర్ అంచుకు తొడిగే యు ఆకారపు నట్టు పెట్టుకోవచ్చు. చేత్తోనే బిగించాలి, మిషన్‌తో తిప్పితే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది. 200 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

ఇంకో నష్టం వెంటనే కనిపించదు. ఫ్లాపు అంచుకూ పెయింటుకూ మధ్య చేరిన ఇసుక, కారు అదిరినప్పుడల్లా గరుకు కాగితంలా రాస్తుంది. ఆనుకునే చోట ముందే పారదర్శక ఫిల్ము అంటించాలి. స్పాంజి పెడితే నీళ్లు పట్టి ఉంచుతుంది, అది వద్దు. ముందు చక్రానికి ముందు పక్క ఉండే చిన్న ప్లాస్టిక్ పట్టీ గాలిని దారి మళ్లించడానికి పెట్టింది. అడ్డంగా ఉందని దాన్ని పీకేసే షాపులు ఉన్నాయి, ఒప్పుకోకండి. పెట్రోలు మోడల్ ఫ్లాపు అదే పేరున్న ఎలక్ట్రిక్ కారుకు అతుకుతుందన్న నమ్మకమూ పెట్టుకోవద్దు. బంపర్ అంచు వేరుగా ఉండొచ్చు. అన్ని కార్లకూ ఒకటే అని అమ్మేవాటితో మరీ కష్టం. కన్నాలు కలవవు కాబట్టే షాపువాళ్లు డ్రిల్లు తీస్తారు.

ఇక అడగాల్సింది అడుగుతాను. డీలర్లు కారు అప్పగించే రోజే ఆ మోడల్‌కు సరిపోయే ఫ్లాపులు చూపించాలి. ఎక్కడ కన్నం పెట్టకూడదో తెలిపే బొమ్మ ఒకటి తెలుగులో ఇవ్వాలి, ఒక్క కాగితం పని అది. రెండు జిల్లాల ఐటీఐలు యాక్సెసరీ షాపుల మెకానిక్కులకు ఒక పూట తరగతి పెట్టి, నారింజ కేబుల్ ఎటు పోతుందో, జాకీ ఎక్కడ పెట్టాలో బండి మీదే చూపించాలి. రవాణా శాఖ అధికారులు టార్పాలిన్ లేని గ్రావెల్ టిప్పర్లను ఆపాలి. అవి రాల్చే రాళ్లు తగ్గకపోతే ఎన్ని ఫ్లాపులు వేసినా వెనక వచ్చేవాళ్లకు దెబ్బలు తప్పవు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా